పూతమ్మ ఇల్లు ఒరిగిన ఏడు

కృత్తిక కార్తె, మొదటి పాదం

పడమటి వరసలో తొట్లన్నీ చూసి ఇప్పుడే దోనెని రేవుకి కట్టాను. నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

ఒక్క వీరాసామి ఇంటి తొట్టిలో మాత్రం రెండు పరిగి పిల్లలు వెల్లకిలా తేలాయి. కొత్త కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సబ్బుతో తలంటుకుందట. నేను వెళ్ళేసరికే వాళ్ళు గొట్టం బిగించేసి, గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టుకుని, మురికి నీళ్ళు బిందెల్లోకి తోడి పెట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"ఏడవమాకమ్మా. గుడ్డ కట్టినోల్లని ఈ ఊల్లో ఎవరూ ఏమనరు. కట్టనోల్లనే అంటారు" అని చెప్పి వచ్చాను.

ఇది మా ఊరి మొదటి కట్టుబాటు. ఏ ఇంటి వాడుక నీళ్ళైనా ముందు ఆ ఇంటి తొట్టిలో ఉన్న చేపల్ని దాటాలి, ఆ తర్వాతే కొల్లేట్లో కలవాలి. చేప తేలితే ఎర్రగుడ్డ. పైనుంచి దిగిన రకరకాల మందులు ఒకప్పుడు ఈ కొల్లేటిని చంపేశాయి. సముద్రం లోపలికొచ్చి మిగతా పని పూర్తి చేసింది. దాన్ని మళ్ళీ బతికించుకున్నది మా తాతలు. తేలే ఇళ్ళు కట్టుకుని, తమ ఎంగిలి నీళ్ళు తమ చేపలకే ముందు పట్టి, ఓర్పుగా బతికించారు. నాకు మా ఊరంటే గర్వం, అది కాస్త ఎక్కువే. ముందే చెప్పేస్తే మంచిది.

నా పేరు సుభాషిణి. ఊరి నీటి కావలిని. పేరుకి తగ్గ నోరు కాదని ఊరంతా అంటుంది. నేనూ కాదనను.

ఇంకొక్క సంగతి రాయాలి. చిల్లుముక్కు కొంగలు ఈ ఏడు రాలేదు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోయే కొంగ అది. ఆ ముక్కుతోనే నత్తని పట్టి, గుల్లలోంచి మాంసం లాక్కుని తింటుంది. ఈపాటికి తూర్పు దిబ్బ మీద తుమ్మచెట్లు వాటితో తెల్లగా ఉండాలి. ఇవాళ ఒకే ఒక్కటి వచ్చింది. రెల్లు వెంట చాలాసేపు తిరిగి, ఏమీ దొరక్క లేచిపోయింది.

కృత్తిక, మూడో పాదం

తెల్లారేసరికి చేపలు నోళ్ళు పైకి పెట్టి గుటకలేస్తున్నాయి. కొర్రమీను గుటకేస్తే ఎవరూ పట్టించుకోరు, దానికది అలవాటే. పరిగులు, బొమ్మిడాయిలు కూడా తేలాయంటే నీళ్ళకి ఊపిరి చాలడం లేదని అర్థం.

ముక్కుకర్ర ముంచాను. నీటిని వాసన చూసి చెప్పే యంత్రం ఇది, నా ఉద్యోగంతో పాటు వచ్చింది. "పురుగుమందు లేదు. పాదరసం లేదు. సబ్బు లేదు" అని ఎప్పటిలా పాఠం అప్పజెప్పి, చివర్లో "ఊపిరి తక్కువ" అంది. ఆ ముక్క చేపలే చెబుతున్నాయి కదా. ఎందుకు తక్కువ అంటే దానికి తెలియదు. నేర్పిన వాసనలే దానికి తెలుస్తాయి పాపం.

కారణం నేనే వెతుక్కున్నాను. తామరాకుల అడుగున, రెల్లు మొదళ్ళ మీద వేలు మందాన జిగురు నాచు పట్టింది. అది కుళ్ళుతూ నీళ్ళలో ఊపిరంతా తాగేస్తోంది. ఆ నాచు తినాల్సింది నత్తలు. బుట్ట వేసి లాగితే నత్తలు దొరికాయి గాని, అన్నీ గుల్లలు అరిగిపోయిన ముసలివే. పిల్లనత్త ఒక్కటీ లేదు. ఆ బుట్ట చూస్తే బడి మూతపడ్డ ఊరిలా అనిపించింది.

బుట్ట పట్టుకుని పూతమ్మ దగ్గరికి పరిగెత్తాను. నాకు దిక్కు తోచనప్పుడు నేను చేసే పని అదే.

పూతమ్మ అసలు పేరు దమయంతి. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. మా ఇళ్ళు తేలేది గుర్రపుడెక్క దిమ్మెల మీద. డెక్కని ఎండబెట్టి, అచ్చుల్లో కుక్కి, పుట్టగొడుగు బూజు ఎక్కించి గట్టిపరుస్తారు. ఉప్పునీటితో పాటు తొలుపు పురుగు కూడా కొల్లేట్లోకి వచ్చి ఈ దిమ్మెల్ని జల్లెడ చేసేది. ఏటా ఎండాకాలంలో ఇంటిని దిబ్బ మీదికి లాగి, అడుగు కాల్చుకుంటే పురుగు చస్తుంది. అయితే ఇల్లు లాగాలంటే వాడంతా కలిసి రావాలి. మనుషులు లేనివాళ్ళు, ఇరుగుపొరుగుతో పడనివాళ్ళు లాగలేకపోయేవాళ్ళు. ఆ ఇళ్ళు ఓ రాత్రి చడీచప్పుడూ లేకుండా మునిగేవి. నా చిన్నతనంలో ఒక ఏడు అలా వరసలు వరసలే మునిగాయి. దాన్ని మేం 'మునక' అంటాం. ఆ మాట ఊళ్ళో ఎవరూ గట్టిగా అనరు.

మందుల చదువు చదివిన దమయంతి ఆ ఏడే నల్లపూత కనిపెట్టింది. దిమ్మె అంచున పోస్తే చాలు, చీమలబారులా తనంతట తానే అడుగంతా పాకి అతుక్కుంటుంది. పురుగు దగ్గరికి రాదు. లాగక్కర్లేదు, కాల్చక్కర్లేదు. ఆవిడ దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఈ ఊళ్ళో పిల్లల్ని పక్కలో వేసుకుని నిశ్చింతగా కళ్ళు మూసుకునే ప్రతి తల్లీ ఆవిడకి దణ్ణం పెట్టుకోవాలి. నేను పెట్టుకుంటాను.

పూతమ్మ నత్తల్ని తిప్పి తిప్పి చూసింది. "పిల్లలు అసల్లేవా? అయితే ఎగువ నుంచి ఏదో దిగుతందే సుబాసినీ. కాలవ పట్టుకుని లాకు దాకా ఎల్లు. నీల్లు ముంచుకురా. అక్కడి నత్తలు కూడా నాలుగు పట్రా."

మాకు విషమంటే ఎగువే. ఉగ్గుపాలతో నేర్చుకున్న సంగతి అది. లాకు దగ్గరి లస్కరుని కడిగిపారెయ్యడానికి నాలుగు మాటలు దోనెలో కూర్చుని కూర్చుకున్నాను.

కృత్తిక, నాలుగో పాదం

లాకు తలుపులెత్తే లస్కరు పేరు ఏసుపాదం. నన్ను చూడగానే గట్టు మీంచి కేకేశాడు.

"రండి కొల్లేటమ్మ గారూ! మీ కొంగల్ని ఎతుక్కుంటా వచ్చారా? మాకాడ అద్దెకున్నాయి. అద్దె మాత్రం ఇవ్వట్లేదు!"

తల ఎత్తి చూశాను. లాకు పక్క చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. మా కొంగలే. గోడ రాళ్ళ సందుల్లో నత్తగుడ్లు సగ్గుబియ్యం కుప్పపోసినట్టున్నాయి. నీటి అంచున శనగగింజంత పిల్లనత్తలు పాకుతున్నాయి. నేను కూర్చుకొచ్చిన నాలుగు మాటలూ ఇక పనికిరావు.

"ఏంటమ్మా, మాట్టాడరు? పోట్లాడ్డానికి వచ్చారని మొకమే సెప్తంది."

"పోట్లాడదామనే వచ్చాను. మీ నీల్లలో విషముందనుకున్నాను."

ఏసుపాదం నవ్వలేదు. "మా తాతల కాలంలో ఉండేదమ్మా. ఈ కాలవ నల్లగా పారేదంట. మీ ఊరోల్లు తొట్లు పెట్టి బతకడం సూసి, సిగ్గుపడి మావోల్లూ పెట్టుకున్నారు. ఇప్పుడు ఈ గట్టుమీద ఏ మిల్లుకైనా తొట్టి ఉంది. రండి, సూద్దురుగాని."

చూశాను. మా తొట్ల కన్నా శుభ్రంగా ఉన్నాయి. ఎగువవాళ్ళని మెచ్చుకుంటూ ఒక వాక్యం రాస్తానని నేను కలలో కూడా అనుకోలేదు. రాశాను కదా, ఇదిగో.

గుడ్లున్న రాయి ఒకటి, బుట్టెడు నత్తలు ఇచ్చి పంపాడు. దారి పొడుగునా గట్లు చూసుకుంటూ దిగాను. కాలవంతా పిల్లనత్తలున్నాయి. కాలవ కొల్లేట్లో కలిసే చోటా ఉన్నాయి. మా మొదటి వరస ఇళ్ళ దగ్గరికి రాగానే గీత గీసినట్టు ఆగిపోయాయి.

ఇంటికొచ్చి దోనెలో బోర్లా పడుకుని మా ఇంటి అడుగున చెయ్యి పెట్టాను. నున్నగా, నల్లగా తగిలింది. నాచు అంటలేదు, నత్త ఎక్కలేదు, ఒక్క చేపగుడ్డయినా అతుక్కుని లేదు. పురుగుని చంపే పూత నత్తని ముద్దు పెట్టుకుంటుందా? ఇంట్లోంచి వచ్చే ప్రతి చుక్కనీ తొట్టిలో పోసి చూశాం. పగలూ రేయీ నీళ్ళలోనే నానే ఇంటి అడుగుని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరమూ తొట్టిలో పెట్టి చూడలేదు.

ఈ మాట పూతమ్మకి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి.

రోహిణి కార్తె, మొదటి పాదం

రోళ్ళు పగిలే ఎండ. అంతకన్నా వేడిగా పూతమ్మ నన్ను గుమ్మం దింపేసింది.

నేను మెత్తగా చెప్పానని రాసుకుంటే అబద్ధమవుతుంది. నాకు మెత్తగా చెప్పడం రాదు. "అత్తా, ఎగువ నీల్లు బాగున్నాయి. మన నత్తల్ని నీ పూతే తింటంది" అనేశాను.

ఆవిడ మొహం గడ్డకట్టింది. "నా పూత నీల్లలో కరగదే. కరగదని నేను ఎన్ని సార్లు సూశానో నీకు తెలుసా? మునకలో ఎన్ని పీనుగల్ని దోనెలోకి లాగానో తెలుసా నీకు?"

"తెలుసత్తా. అయినా..."

"అయినా లేదు, గియినా లేదు. నత్తల కోసం మనుసుల్ని ముంచుతానంటావా? దిగవే నా గుమ్మం."

నాకూ కోపం వచ్చింది. "కరగదు కరగదని నువ్వంటే సాలదు, నత్త అనాలి!" అని అరిచి, బుట్టా గుడ్ల రాయీ ఆవిడ అరుగు మీదే వదిలేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక చాలాసేపు ఏడ్చాను. ఆవిడ తిట్టినందుకు కాదు. ఆవిడని అంత మాట అన్నందుకు.

ఇంకొక భయం కూడా ఉంది. మృగశిర ప్రవేశించిన రోజున ఊరంతా చేప తిని, కొత్త పూత పోసుకుంటుంది. పూత పండగని పేరు. మొదటి గరిటె పూతమ్మది. నత్తలు గుడ్లు పెట్టడం ముమ్మరమయ్యేది కూడా సరిగ్గా అప్పుడే. ఈ ఏడు కూడా కొత్త పూత పడితే, మిగిలిన ముసలి నత్తలతోనే వాటి కథ ముగిసిపోతుంది. నత్తలు పోతే నాచు పెరుగుతుంది, నాచు పెరిగితే చేపకి ఊపిరుండదు. చేప లేని కొల్లేట్లో మేం ఏం తిని బతుకుతాం?

రోహిణి, నాలుగో పాదం

పూతమ్మ కబురంపింది. భయపడుతూనే వెళ్ళాను.

అరుగు మీద రెండు తొట్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండిట్లోనూ ఏసుపాదం నత్తలే. ఒక తొట్టిలో వట్టి దిమ్మె ముక్క, రెండోదాంట్లో పూత పూసిన ముక్క. ఆ గుడ్ల రాయిని కూడా ఆవిడ రెండు ముక్కలు చేసి చెరో తొట్టిలో పెట్టింది. వట్టి దిమ్మె తొట్టిలో పిల్లనత్తలు చుక్కల్లా తిరుగుతున్నాయి. పూత తొట్టిలో గుడ్లు పసుపు తిరిగి కుళ్ళాయి.

పీట మీద మా కొల్లేటి నత్తలు కోసి పరిచి ఉన్నాయి. వాటి మీద భూతద్దం పెట్టి నన్ను రమ్మంది. "ఇటు సూడు. ఇది ఆడది. దీనికి మగదాని అంగం మొలిసింది. గుడ్డు వచ్చే దారికి అడ్డంగా పెరిగిపోయింది. ఇదీ అంతే. ఇదీ అంతే. నువ్వు మొదట తెచ్చిన బుట్టలో ఒక్క ఆడదానికి కూడా దారి లేదే."

ఒక్కో నత్తనీ మళ్ళీ భూతద్దం కింద పెట్టి నేనే చూశాను.

"తొలుపు పురుగు అంటాం గాని అది పురుగు కాదే సుబాసినీ. గుల్ల జాతి. నత్తకి సుట్టం. సదువుకున్న మొదటి ఏడే ఆ ముక్క సదివాను. సుట్టాన్ని సంపే మందు నత్తని వదిలేత్తదని ఎట్టా అనుకున్నానే? కరగదని సూశాను. పిసరంత పిసరంత రాలి, ఏటేటా బురదలో పేరుకుంటదేమో అని సూడలేదు."

ఆవిడ చేతులు నత్తల జిగురుతో మెరుస్తున్నాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను, లేకపోతే కన్నీళ్ళకి. ఆవిడ రెండూ పక్కన పెట్టి, తన జీవితమంతా కట్టిన పేరుని తనే పీట మీద పెట్టి కోసుకుని చూసింది. అంత ధైర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను.

"ధైర్యం కాదే. నువ్వు అరిసి ఎల్లావుగా, నత్త అనాలని. అడిగాను. అంది." అని తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "అప్పుడు నిన్ను దిగమన్నాను. మనసులో పెట్టుకోమాక."

సాయంత్రం ఇద్దరం ఊరి కూటం పెద్ద పాండురంగం దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, మీసం దువ్వుకుని, "పూత పీపాలు దిగిపోయాయి. పండగ దగ్గరికొచ్చేసింది. ఈ ఏటికి కానిచ్చేద్దాం, పై ఏడు ఆలోసిద్దాం" అన్నాడు. పై ఏడు అన్నమాట ఎంత నున్నగా ఉంటుందో. పాండురంగాన్ని నేను తిట్టబోతే పూతమ్మ నా మోచెయ్యి గిల్లింది.

మృగశిర కార్తె ప్రవేశం

ఈ పేజీ దోనెలో కూర్చుని గబగబా రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోవాలి.

ఊరంతా దోనెల మీద తూర్పు దిబ్బ చుట్టూ చేరింది. ఇగురు వాసన, డప్పులు, కొత్త చీరలు. పీపా మూత తీశారు. పాండురంగం వెండి గరిటె పూతమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ గరిటెని పీపా మీద బోర్లించి పక్కన కూర్చుంది.

"నేను పొయ్యనయ్యా" అంది.

డప్పులు ఆగాయి. ఆవిడ నిలబడి, నాకు చెప్పినదంతా చెప్పింది. నత్త సంగతి, నాచు సంగతి, చేప నోళ్ళ సంగతి. దేన్నీ తగ్గించలేదు. "నేను మీకు నిద్ర ఇచ్చాననుకున్నాను. కొల్లేటికి ఊపిరి తీసి మీకు నిద్ర ఇచ్చాను" అంది.

నీలాటి రేవు వరసలో ఉండే అలివేలు లేచింది. మునకలో ఆవిడ అన్న పోయాడు. నీళ్ళలోంచి చెయ్యి పట్టుకుని లాగబోతే జారిపోయాడని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

"నత్తలకి పిల్లలు పుట్టాలి, నిజమే పూతమ్మా. నా పిల్లలు మునిగితే ఎవరిది పూచీ? నువ్వు పోసి ఇచ్చిన ధైర్యం నువ్వే లాక్కుంటే మేం ఏం సెయ్యాలి?"

ఆ ప్రశ్నకి జవాబు పూతమ్మే చెప్పింది.

"నీ భయం నిజమే అలివేలూ. అందుకే మీ ఇల్లు ముట్టుకోమాకండి. పాత పూత ఇంకో ఏడు కాస్తది. ఈ ఏడు కొత్తది మాత్రం పొయ్యొద్దు. నా ఇల్లు కాలవ కలిసే మొగలో, మొదటి వరసలో ఉంది. దాన్ని దిబ్బ మీదికి లాగి, పూత గీకెయ్యండి. పాతకాలంలోలా అడుగు కాల్చి మల్లీ నీల్లలోకి తోయండి. పురుగు తింటే ముందు నా ఇల్లే తింటది. నేను అందులోనే ఉంటాను. నేను మునక్కపోతే, పై ఏడు మీరు."

"ఈ వయసులో..." అని ఎవరో అన్నారు.

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు? తప్పు నాది, ఇల్లు నాది."

పాండురంగం పీపా దగ్గరికొచ్చాడు. అప్పుడు ఆయన చేసిన పనికి నేను ఇదివరకు ఆయన మీద రాసినవన్నీ సగం కొట్టేస్తున్నాను. పీపా మూత తనే బిగించి, దాని మీద తన ఎర్ర కండువా తీసి కట్టాడు. ఊరి చరిత్రలో ఊరంతటికీ కలిపి ఒకే ఎర్రగుడ్డ కట్టడం ఇదే మొదటిసారి.

"మోకులు ఎవరింట్లో ఉన్నాయిరా?" అని అడిగాడు.

ఆరుద్ర కార్తె, రెండో పాదం

ఇల్లు లాగడం మరిచిపోయిన ఊరు ఇల్లు లాగితే ఎలా ఉంటుందో ఈవేళ చూశాను. మోకు ఒకసారి తెగింది, రెండుసార్లు జారింది. పాండురంగం బురదలో కూర్చుండిపోతే, పై వరస పడుచులు చూసి నవ్వారు, ఆయనా నవ్వాడు. పనిలో పనిగా, ఒకరితో ఒకరికి మాటల్లేని వీరాసామీ వాళ్ళ పక్కింటివాళ్ళూ ఒకే మోకు పట్టుకున్నారు. అలివేలు అందరికన్నా ముందు నిలబడి లాగింది. నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

గీకిన పూత పెచ్చులు ఒక్క రవ్వ కూడా నీళ్ళలో పడకుండా చాపలు పరిచి పట్టాం. కుండల్లో పోసి, మూతికి మట్టి మెత్తి, దిబ్బ మీద పాతిపెట్టాం. తాటాకు మంటతో అడుగు కాల్చారు. ఎంత కాల్చాలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఈశాన్యం మూల సరిగా కాలలేదని నాకు అనుమానం. చినుకులు పడడంతో ఆపేశారు.

పుష్యమి కార్తె, మొదటి పాదం

వానలు. ఎగువ నుంచి కొత్తనీరు ఎర్రగా దిగుతోంది. ఏసుపాదం పడవలో మూడు బుట్టల నత్తలు పంపాడు, చీటీ కూడా లేదు. తెచ్చిన మనిషి "అద్దె బాకీ కింద జమ సేసుకోమన్నాడండి" అన్నాడు. కాలవ మొగలో, పూతమ్మ ఇంటి చుట్టూ వదిలాం.

నా అనుమానం నిజమైంది. ఈశాన్యం మూల పురుగు పట్టింది. ఆ మూల నాలుగు వేళ్ళు దిగింది. పూతమ్మ మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంది.

"మల్లీ లాగుదాం అత్తా, ఈసారి బాగా కాలుద్దాం" అన్నాను.

"ఎట్టాగూ లాగాలిగా, ఈ వరదైపోనీ" అంది.

ఆశ్లేష కార్తె, మూడో పాదం

మూల జానెడు దిగింది. పాండురంగం, అలివేలు, ఇంకో ఇరవై మంది మోకులతో వచ్చారు. పూతమ్మ ఇంటి అంచున చతికిలబడి అడ్డం కూర్చుంది.

"ఇయ్యాల లాగడానికి ఈల్లేదు."

"ఎందుకమ్మా? ఇల్లు మునుగుతుంటే ముహూర్తాలేంటి?" పాండురంగం గొంతు పెంచాడు.

ఆవిడ వేలు పెట్టి చూపించింది. దిగిపోయిన ఆ మూలలోనే, నీటికి పైన, దిమ్మె చీలికలో, సగ్గుబియ్యం కుప్ప. తెల్లగా, తడిగా. పక్కనే ఇంకోటి. వంగి చూస్తే నాలుగు కనబడ్డాయి.

నేను దోనెలోనే కూలబడి ఏడ్చేశాను. ఈ ఏడంతా నాకు ఏడుపే సరిపోయింది, కాని ఈ ఏడుపు వేరు.

"మీరు లాగి కాలిస్తే ఇయ్యి మాడిపోతాయి" అంది పూతమ్మ. "పొదిగి దిగేదాకా ఆగండి. నాకు ఇటుకలు సాలకపోతే తెచ్చి ఇవ్వండి."

అలివేలు మోకు కింద పడేసింది. "ఒంటరిగా ఎట్టా ఉంటావు? నేనూ ఇక్కడే పడుకుంటాను" అని చాప తెచ్చుకుంది. అన్నని మింగిన నీళ్ళ మీద, మునుగుతున్న ఇంట్లో, నత్తగుడ్లకి కాపలాగా పడుకోవడానికి వచ్చిందావిడ. ఈ ఊళ్ళో పుట్టినందుకు నాకు గర్వమని మొదటి పేజీలో రాశాను. అప్పుడు ఎందుకు గర్వమో నాకు సరిగా తెలియదు.

మఖ కార్తె, రెండో పాదం

కొల్లేరు బాగుపడిందని నేను రాయను. బురదలో రాలిన పూత ఇంకా ఉంది. నడి కొల్లేట్లో ముసలి నత్తలు ముసలి నత్తలే. కాని కాలవ మొగలో తామరాకుల మీద నాచు పలచబడింది. అక్కడ తెల్లారి చేపలు నోళ్ళు పైకి పెట్టడం లేదు. ముక్కుకర్ర కూడా "ఊపిరి చాలు" అంది. దాన్ని మొదటిసారి ముద్దు పెట్టుకున్నాను.

పూతమ్మ ఇంటి మూల గుడ్లు నిన్న పొదిగాయి. పిల్లలు నీళ్ళలోకి జారాయి. రేపు ఇల్లు లాగుతాం. ఈసారి ఎంత కాల్చాలో అందరికీ తెలుసు. మంచం మీద కూర్చుంటే మనిషి జారిపోయేంతగా ఒరిగి ఉంది ఇల్లు. పూతమ్మ అయినా అందులోనే కూర్చుని గంజి తాగుతోంది. నేను గుమ్మంలో కూర్చుని ఈ ముక్కలు రాస్తున్నాను.

ఇప్పుడే ఒక చిల్లుముక్కు కొంగ వచ్చి ఒరిగిన మూల మీద వాలింది. కృత్తికలో వచ్చి లేచిపోయినదాని తర్వాత మా ఊళ్ళో వాలిన మొదటి కొంగ. నీళ్ళలోకి ముక్కు పెట్టి, ఓ పెద్ద ఆడ నత్తని తీసింది. గుడ్లు పెట్టిన వాటిలో ఒకటేమో. తరమడానికి తెడ్డు ఎత్తాను.

పూతమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తిననియ్యవే. ఇన్నేల్లూ దాని నోటికాడ కూడు లాగేసింది నేనేగా."

కొంగ గుల్లలోంచి మాంసం లాగి మింగింది. గుల్ల నీళ్ళలో పడింది. కొంగ తల ఎత్తి మమ్మల్నిద్దర్నీ చూసి, ఇంకో అడుగు లోపలికి వేసింది. పూతమ్మ గంజి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మంచం మీద పక్కకి జరిగి, దానికి చోటిచ్చింది.